బొగ్గు మనది, అప్పు మనది... లెక్క ఎవరిది?

(మాణికేశ్వర్ నగర్‌లో బస్తీ పెద్దలు, యూనివర్సిటీ విద్యార్థులు కలిసి పెట్టుకున్న సభలో ఒక జర్నలిస్టు చేసిన ప్రసంగ పాఠం)



నేను వస్తుంటే గల్లీ మొదట్లో ఒక పెద్దమ్మ ఆపింది. ‘ఏం మీటింగు బిడ్డా’ అన్నది. కరెంటు ప్లాంట్ల మీద అని చెప్పిన. ‘కరెంటు వస్తనే ఉన్నది గదా, ఇంకేం మీటింగు’ అన్నది. ఆమె అడిగినదాంట్లో తప్పు లేదు. కరెంటు లేనినాడు మనం రోడ్డెక్కినం. ఉన్ననాడు ఎందుకు మాట్లాడాలె? ఈ పొద్దు నా ప్రసంగమంతా ఆ పెద్దమ్మకు జవాబే.

ఈ బస్తీకి, ఆ యూనివర్సిటీకి మధ్య ఒక గోడ ఉన్నది. 2009, 2010లో ఆ గోడకు ఇటు అటు అన్న తేడా లేకుండె. ఎన్‌సీసీ గేటు కాడ భాష్పవాయువు గోళాలు పేలితే పొగ మీ ఇండ్లల్లకు వచ్చింది. ఉరికొచ్చిన పోరగాండ్లకు మీరు నీళ్లిచ్చిండ్రు, తలుపులు తెరిచిండ్రు. ఆ ఉరికొచ్చినోళ్లల్ల నేనొకన్ని. అందుకే ఈ లెక్క అసెంబ్లీ ముందట కన్నా ముందు మీ ముందట చెప్పుడు నాకు బాకీ.

బొగ్గు ఇక్కడ, పొయ్యి అక్కడ

మనం ఉద్యమంలో చెప్పిన మాటలు మీకు యాదికున్నయి. నీళ్లు, నిధులు, నియామకాలు. వాటి పక్కనే ఇంకో మాట చెప్పినం. బొగ్గు మనది, కరెంటు వాళ్లది. ఊరూరా, పల్లె పల్లెల ఈ మాట చెప్పినం. అది ఊకె నినాదం కాదు, దాని వెనుక లెక్క ఉండె.

సింగరేణి గనులు 1889 నాటి నుంచి నడుస్తున్నయి. దక్షిణ భారతంలో పెద్ద బొగ్గు గనులు గోదావరి లోయలోనే. నిజాం కాలంలనే, 1920లో, హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే కరెంటు స్టేషన్ పెట్టిండ్రు. అంటే ఈ శహరు బొగ్గు కరెంటు చూసి వందేండ్లు దాటింది. ఆ స్టేషన్ తర్వాత మూతబడ్డది, 1990లలో నేలమట్టమైంది. ఇయ్యాల అటు నుంచి పోతే దాని ఆనవాలు కూడా దొరకది.

ఉమ్మడి రాష్ట్రంలో ఏం జరిగింది? కొత్తగూడెం, రామగుండం ఉన్నయి, లేవంటలేను. కానీ పెద్ద ప్లాంట్ల మాట వచ్చినప్పుడల్లా బొగ్గును రైలెక్కించి విజయవాడకు తీసుకపోయిండ్రు, కడప జిల్లా ముద్దనూరు దాకా తీసుకపోయిండ్రు. బాయి కాడ పొయ్యి పెడితే రవాణా ఖర్చు మిగులుతది, కరెంటు చవుకగ పడుతది. ఇది ఏ ఇంజనీరైనా చెప్పే మాట. బూడిద మాకా, వెలుగు మీకా అని మనం అడిగిన ప్రశ్న న్యాయమైన ప్రశ్న.

ఇంకో కథ. రామగుండంలో బీపీఎల్ అనే ప్రైవేటు కంపెనీకి 520 మెగావాట్ల బొగ్గు ప్లాంటు కట్టమని అప్పజెప్పిండ్రు. 1990లలో సరళీకరణ గాలి వీస్తున్న కాలమది. ఒప్పందం అయింది, భూమి చేతికొచ్చింది, ఫొటోలు దిగిండ్రు. ప్లాంటు మాత్రం రాలే. ఎందుకు రాలే? బొగ్గు లేకనా? నీళ్లు లేకనా? కాదు. అప్పు దొరకలే. కంపెనీలోళ్ల భాషలో ‘ఫైనాన్షియల్ క్లోజర్’ కాలే అంటరు. అంటే అప్పిచ్చేటోళ్లందరూ సంతకాలు పెట్టి, రూపాయి దాకా లెక్క కుదిరి, ఇగ పని మొదలుపెట్టొచ్చు అనే కాడికి రాకపోవుడు. గడువుల మీద గడువులు పొడిగించిండ్రు. ఏండ్లు పోయినయి. చివరికి ఆ ప్రాజెక్టు కాగితం మీదనే సచ్చింది.

ఈ కథ ఎందుకు చెప్తున్ననంటే, కరెంటు ప్లాంటు అంటే మన కండ్లకు చిమ్నీ కనబడుతది, కూలింగ్ టవర్ కనబడుతది. కండ్లకు కనబడనిది ఒకటున్నది. అది అప్పు. ప్లాంటు నిలబడేది సిమెంటు పునాది మీద కాదు, అప్పు కాగితం మీద. ఆ కాగితం చదవకుంట ప్లాంటు అర్థం కాదు.

మేస్త్రి లెక్క

ఈ బస్తీని వడ్డెర బస్తీ అంటరు. ఈ శహర్ల ఎన్ని ఇండ్లకు మీ చేతి రాయి పడ్డదో మీకే తెలుసు. కాబట్టి మీ లెక్కలోనే చెప్త.

ఒకాయన ఇల్లు కడుతున్నడు. పది లక్షల ఇల్లు. రెండు లక్షలు చేతిలో ఉన్నయి, ఎనిమిది లక్షలు అప్పు తెచ్చిండు. ఏడాదిలో ఇల్లయితది, కిరాయికిస్త, కిరాయితోని అప్పు కడుత అనుకున్నడు. ఇల్లు ఏడాదిలో కాలే. ఒకసారి ఇసుక రాలే, ఒకసారి మున్సిపాలిటోడు వచ్చి పర్మిషన్ ఏదన్నడు, ఒకసారి అప్పిచ్చినోడు కిస్తు ఆపిండు. నాలుగేండ్లు పట్టింది. ఈ నాలుగేండ్లు వడ్డీ ఆగిందా? ఆగలే. కిరాయి వచ్చిందా? రాలే. ఇల్లు అదే ఇల్లు. గదులు పెరగలే. ధర మాత్రం పెరిగింది. ఆ పెరిగిన ధర ఎవరి నెత్తిన పడుతది? కిరాయికొచ్చేటోడి నెత్తిన.

కరెంటు ప్లాంటు లెక్క అచ్చం గిదే. జెన్‌కో ప్లాంటు కడితే నూటికి ఎనభై రూపాయలు అప్పు, ఇరవై రూపాయలు సొంత పెట్టుబడి. అప్పిచ్చేది ఎక్కువగా ఢిల్లీలోని రెండు ప్రభుత్వ సంస్థలు. ఒకటి పవర్ ఫైనాన్స్ కార్పొరేషన్, రెండోది రూరల్ ఎలక్ట్రిఫికేషన్ కార్పొరేషన్. ప్లాంటు కట్టే కాలంలో అయ్యే వడ్డీని కూడా ప్లాంటు ఖర్చులోనే కలుపుతరు. అదంతా కలిపి, పాతికేండ్లు మనం కట్టే బిల్లులో ‘స్థిర చార్జీ’ అని పెడుతరు. ప్లాంటు నడిచినా, నడవకపోయినా, ఆ చార్జీ కట్టాలె. బొగ్గు ఖర్చు వేరే.

ఒక లెక్క చూడుండ్రి. ఒక ప్లాంటు మీద ఇరవై వేల కోట్ల అప్పున్నదనుకోండి. నూటికి పది రూపాయల వడ్డీ అనుకోండి. ఏడాదికి రెండు వేల కోట్లు. రోజుకు అయిదున్నర కోట్లు. ప్లాంటు ఒక్క రోజు ఆలస్యమైతే అయిదున్నర కోట్లు. మనం నిద్రపోయి లేచేసరికి అయిదున్నర కోట్లు. అందుకే ప్లాంటు కట్టుడులో అన్నిటికంటే ఖరీదైన వస్తువు బాయిలర్ కాదు, టర్బైన్ కాదు. కాలం.

అప్పుకు ఇంకో గుణం ఉన్నది. అప్పిచ్చేటోడు షరతు పెడుతడు. ప్రపంచ బ్యాంకు అప్పు కోసం ఉమ్మడి రాష్ట్రంలో విద్యుత్ బోర్డును ముక్కలు చేసి, 1999లో జెన్‌కో, ట్రాన్స్‌కో అని పెట్టిండ్రు. తెల్లారి ఏడాది చార్జీలు పెంచిండ్రు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ఏం జరిగిందో మనకు తెలుసు. పెంచిన చార్జీలు తగ్గించమని అడగబోయినోళ్ల మీద కాల్పులు జరిగినయి, ముగ్గురు చనిపోయిండ్రు. కరెంటు అప్పు అంటే ఉట్టి అంకెలు కావు, దాని మీద నెత్తురు మరకలున్నయి. తెలంగాణ ఉద్యమం మళ్లా లేచుడులో ఆ ఏడాది ఆగ్రహం కూడా ఒక పాయ.

మన రాష్ట్రం, మన ప్లాంటు

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఆనాటి పరిస్థితి మరిచిపోతే అన్యాయం చేసినట్టు. విభజనలో కరెంటు వాడకాన్ని బట్టి తెలంగాణకు 53.89 శాతం వాటా అన్నరు. అయినా ఆ ఎండాకాలం, ఆ వానాకాలం కోతలే. పరిశ్రమలకు పవర్ హాలిడేలు. రైతు అర్ధరాత్రి బాయికాడికి పోయి పాము కాటుకో, షాకుకో బలైన రోజులు. తెలంగాణ వస్తే చీకట్లే అని ఎగతాళి చేసినోళ్లు చప్పట్లు కొట్టేతందుకు తయారుగా ఉండె. అప్పటి ప్రభుత్వం మీద ఆ ఒత్తిడి నిజం. తర్వాత కోతలు పోయినయి, 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చిండ్రు. అదీ నిజం. ఉన్నది ఉన్నట్టు చెప్పాలె.

ఆ తొందరలో ఏం చేసిండ్రు? 2014 అక్టోబర్‌లో బీహెచ్‌ఈఎల్‌తోని 6,000 మెగావాట్లకు అవగాహన కుదుర్చుకున్నరు. టెండర్ పిలవలే, నామినేషన్ మీద ఇచ్చిండ్రు. అందులో రెండు పెద్ద ప్లాంట్లు. ఒకటి మణుగూరు కాడ భద్రాద్రి, 1,080 మెగావాట్లు. రెండోది నల్లగొండ జిల్లా దామరచర్ల మండలం వీర్లపాలెం కాడ యాదాద్రి, 4,000 మెగావాట్లు.

2015 మార్చి 28న భద్రాద్రికి, అదే ఏడాది జూన్ 8న యాదాద్రికి కేసీఆర్ శంకుస్థాపన చేసిండు. నేనొక మాట ఒప్పుకోవాలె. ఆ రోజుల్లో నేను కూడా రాసిన. చీకటి చీల్చుకొని తెలంగాణ అని హెడ్డింగ్ పెట్టిన. నాలుగు వేల మెగావాట్లు అని పెద్దక్షరాలల్ల రాసిన. అప్పు ఎంత, వడ్డీ ఎంత, పర్యావరణ అనుమతి వచ్చిందా, బొగ్గు యాడికెళ్లి వస్తది... ఒక్క ప్రశ్న అడగలే. ఎందుకు అడగలే అంటే మన రాష్ట్రం గదా, మనోళ్లు గదా అనుకున్న. అదే పని ఒక సీమాంధ్ర ముఖ్యమంత్రి చేస్తే వంద ప్రశ్నలు అడిగెటోన్ని. జర్నలిస్టుగా అది నా తప్పు.

భద్రాద్రి: రెండేండ్ల మాట, ఏడేండ్ల బాట

భద్రాద్రి మణుగూరు బొగ్గు గనుల కాడనే. జాగ సంగతిలో తప్పు పట్టెతందుకు తక్కువే. తప్పంతా యంత్రంలో ఉన్నది.

బొగ్గు ప్లాంట్లల్ల రెండు రకాలున్నయి. పాతది సబ్ క్రిటికల్, కొత్తది సూపర్ క్రిటికల్. కొత్తదాంట్లో ఆవిరిని ఇంకా ఎక్కువ ఒత్తిడి మీద, వేడి మీద నడుపుతరు. కాబట్టి అదే కరెంటుకు బొగ్గు తక్కువ పడుతది, పొగ తక్కువ, బూడిద తక్కువ. దేశమంతా సూపర్ క్రిటికల్ దిక్కు పోతున్న కాలంలో, భద్రాద్రిలో 270 మెగావాట్ల సబ్ క్రిటికల్ యూనిట్లు నాలుగు పెట్టిండ్రు. ఇంకో రాష్ట్రంలో ఒక ప్రైవేటు కంపెనీ కోసం తయారై, అక్కరకు రాక మిగిలిన యంత్రాలను మనకు అంటగట్టిండ్రన్న ఆరోపణ వచ్చింది, విచారణలో చర్చకూ వచ్చింది. తయారుగా ఉన్న యంత్రాలైతే రెండేండ్లల్ల కరెంటు వస్తది గదా అని అప్పుడు సమర్థించుకున్నరు.

రెండేండ్లల్ల వచ్చిందా? పర్యావరణ అనుమతి రాకముందే పని మొదలుపెట్టిండ్రు. 2015 డిసెంబర్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ పని ఆపమన్నది. అనుమతి 2017 మార్చిలో వచ్చింది. మొదటి యూనిట్ 2020లో, నాలుగోది 2022 జనవరిలో నడిచింది. రెండేండ్లని చెప్పింది ఏడేండ్లకు తేలింది. ఖర్చు మొదట అనుకున్నది 7,290 కోట్లు. ప్రభుత్వం తర్వాత చెప్పిన లెక్కలో 10,515 కోట్లు. అంటే మెగావాట్‌కు 9 కోట్ల 74 లక్షలు. పాత రకం యంత్రం, కొత్త రకం ధర!

తొందర కోసమే పాత యంత్రం తెచ్చినమన్నరు. తొందరా దక్కలే, కొత్త యంత్రమూ దక్కలే. ఆ ప్లాంటు బతికినన్నాళ్లు ఎక్కువ బొగ్గు కాల్చుడు మాత్రం దక్కింది.

యాదాద్రి: మన ప్రశ్న మనకే ఎదురు తిరిగింది

ఇప్పుడు యాదాద్రికి వస్త. ఇది 800 మెగావాట్ల యూనిట్లు అయిదు, సూపర్ క్రిటికల్. యంత్రం సంగతిలో మేలే. మరి జాగ?

దామరచర్ల కాడ బొగ్గు బాయి లేదు. కృష్ణా నది ఉన్నది, రైలు పట్టా దగ్గరున్నది, అటవీ భూమి ఉన్నది. సింగరేణి బాయిలకు రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. నాలుగు వేల మెగావాట్లు బాగా నడిస్తే నా లెక్కన రోజుకు యాభై వేల టన్నుల బొగ్గు కావాలె. ఒక గూడ్సు రైలు దగ్గర దగ్గర నాలుగు వేల టన్నులు మోస్తది. అంటే దినాం పన్నెండు, పదమూడు రైళ్లు. పాతికేండ్లు. ఆ రైలు కిరాయి ఎవరు కడుతరు? యూనిట్ ధరలో మనమే.

మిత్రులారా, ముద్దనూరుకు బొగ్గు మోసుకపోతే మనం ఏమన్నం? బాయి కాడ పొయ్యి పెట్టుండ్రి అన్నం. మన రాష్ట్రం వచ్చినంక మన పెద్ద ప్లాంటును బాయికి దూరంగా పెట్టినం. నల్లగొండ వెనుకబడ్డ జిల్లా, ఆడ కూడా అభివృద్ధి రావాలె అంటే ఒప్పుకుంట. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన జిల్లా అది. కానీ అభివృద్ధి అంటే బూడిద చెరువేనా? ఈ ప్రశ్న ఉద్యమంలో మనం నేర్పిందే.

ఇగ అనుమతి. పర్యావరణ అనుమతి 2017 జూన్‌లో వచ్చింది. అదే ఏడాది అక్టోబర్‌లో బీహెచ్‌ఈఎల్‌కు పని అప్పజెప్పిండ్రు. రెండు యూనిట్లు 36 నెలల్లో, మిగతా మూడు 48 నెలల్లో అన్నరు. అంటే 2021 వరకల్లా మొత్తం నడవాలె. దాని మీద కరోనా పడ్డది. కూలీలు ఊర్లకు పోయిండ్రు. అది ఎవరి చేతిలోనూ లేదు, ఒప్పుకుందాం.

కానీ 2022 సెప్టెంబర్ 30న వచ్చింది కరోనా కాదు. చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ బెంచి ఆ ప్లాంటు అనుమతిని పక్కన పెట్టింది. మళ్లా అధ్యయనం చేయుండ్రి, అప్పటిదాకా కరెంటు ఉత్పత్తి మొదలుపెట్టొద్దన్నది. ముంబైకి చెందిన కన్జర్వేషన్ యాక్షన్ ట్రస్ట్ వేసిన కేసు అది. కారణం ఏంది? అనుమతి అడిగినప్పుడు సగం విదేశీ బొగ్గు, సగం దేశీ బొగ్గు అన్న లెక్క చూపిచ్చిండ్రు. తర్వాత మొత్తం దేశీ బొగ్గే అన్నరు. మన బొగ్గులో బూడిద ఎక్కువ. బొగ్గు మారితే పొగ మారుతది, బూడిద మారుతది. కాగితం మాత్రం మారలే. పక్కన అమ్రాబాద్ పులుల అడవి ఉన్నది. ఇయన్నీ సరిగ చూడలేదన్నది ట్రిబ్యునల్.

కొందరు ఏమన్నరు? పర్యావరణమోళ్లు తెలంగాణ అభివృద్ధికి అడ్డం పడ్డరన్నరు. నేనట్ల అనుకోను. పర్మిషన్ కాగితంలో ఒకటి రాసి, కట్టేకాడ ఇంకోటి కడితే మున్సిపాలిటోడు మీ ఇల్లు కూలగొడుతడా లేదా? పేదోడి ఇంటికి ఉన్న రూలు సర్కారు ప్లాంటుకు ఎందుకుండొద్దు?

ఇంతట్లనే అప్పు కూడా అడ్డం తిరిగింది. 2022లో కేంద్రం ఒక రూలు పట్టింది. రాష్ట్ర ప్రభుత్వం గ్యారంటీ ఇచ్చి కార్పొరేషన్ల పేరు మీద తెచ్చే అప్పులను రాష్ట్రం అప్పులోనే లెక్కగడ్తమన్నది. ఒప్పుకున్న అప్పులు కూడా ఇస్తలేరని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం మొత్తుకున్నది. అందులో రాజకీయం లేదని నేను అనను. ఉన్నది. ఢిల్లీకి తెలంగాణ అంటే ఎప్పుడూ ఉన్న చిన్నచూపు ఉన్నది. కానీ మన ఇల్లంతా ఇంకొకడి తాళంచెవి మీద నడిచేటట్టు కట్టుకున్నదెవరు? ఆ రెండు సంస్థల చేతిలో జుట్టు పెట్టి, తర్వాత గుంజిండ్రని ఏడిస్తే ఏం లాభం?

2024లో మళ్లా ప్రజాభిప్రాయ సేకరణ జరిపిండ్రు, అదే ఏడాది కొత్త అనుమతి వచ్చింది. రెండో యూనిట్‌ను 2024 డిసెంబర్ 7న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జాతికి అంకితం చేసిండు. ఒకటో యూనిట్ 2025 ఆగస్టులో అంకితమైంది. శంకుస్థాపన నుంచి మొదటి యూనిట్ అంకితం దాకా తొమ్మిదిన్నర ఏండ్లు. ఖర్చు? మొదట 25,099 కోట్లు. తర్వాత 30 వేల కోట్ల దరిదాపుకు వచ్చింది. ఆ తర్వాత 34,500 కోట్లు దాటింది. మెగావాట్‌కు 6 కోట్ల 27 లక్షలు అనుకున్నది 8 కోట్ల 60 లక్షల పైకి పోయింది. గదులు పెరగలే, ధర పెరిగింది. మేస్త్రి లెక్క గిదే.

భూములిచ్చినోళ్ల మాట? అక్కడి లంబాడా తండాలు, చిన్న రైతులు పట్టాలు, పొలాలు ఇచ్చిండ్రు. ఇంటికో కొలువు అన్న ఆశ మీద బతికిండ్రు. ప్లాంటు నడిచేతందుకు తొమ్మిదేండ్లు పడితే అప్పిచ్చినోడికి వడ్డీ పెరిగింది. భూమిచ్చినోడికి ఏం పెరిగింది? వయసు పెరిగింది. పద్దెనిమిదేండ్ల పిలగాడు ఇరవై ఏడేండ్లోడయిండు. ఆలస్యానికి బ్యాంకుకు వడ్డీ కట్టే లెక్క ఉన్నది. రైతుకు వడ్డీ కట్టే లెక్క ఏ పుస్తకంలోనూ లేదు.

చేతనైనప్పుడు చేసినం

ఇయన్నీ విని బొగ్గు ప్లాంటు కట్టుడే మనకు రాదు అనుకోవద్దు. పాల్వంచలో కేటీపీఎస్ ఏడో దశ చూడుండ్రి. 800 మెగావాట్లు, సూపర్ క్రిటికల్. పాత ప్లాంటు జాగలోనే, బొగ్గు దగ్గర, నీళ్లు దగ్గర. కట్టింది బీహెచ్‌ఈఎల్‌తో కలిసి మన జెన్‌కో ఇంజనీర్లే. 2018 డిసెంబర్‌లో నడిచింది. మెగావాట్‌కు ఏడు కోట్ల లోపే పడ్డది. మంచిర్యాల జిల్లా జైపూర్ కాడ సింగరేణి కట్టిన 1,200 మెగావాట్ల ప్లాంటు 2016 నుంచి నడుస్తున్నది, బాగా నడిచే ప్లాంట్లల్ల దేశంలోనే పేరు తెచ్చుకున్నది. బాయి తీసినోళ్లే పొయ్యి పెట్టిండ్రు. అదే కంపెనీ, అదే ఇంజనీర్లు, అదే కూలీలు. మరి ఆడ అయిన పని ఈడ ఎందుకు కాలే? జాగ సరిగ్గ ఉన్నకాడ, కాగితం సరిగ్గ ఉన్నకాడ పని అయింది. తేడా మనుషులల్ల లేదు, నిర్ణయంలో ఉన్నది.

ఢిల్లీ సంగతి కూడా చెప్పాలె. విభజన చట్టంలో ఎన్టీపీసీ తెలంగాణలో 4,000 మెగావాట్లు కడుతదని రాసిండ్రు. పదేండ్లకు రామగుండంలో 1,600 మెగావాట్లు అయినయి. మొదటి యూనిట్ 2023 అక్టోబర్‌లో, రెండోది 2024 మార్చిలో అంకితమైనయి. చట్టంలో రాసిన మాటకే అంత కాలం పట్టింది. కాబట్టి వేలు ఒక్క దిక్కే చూపుడు సరికాదు.

కమిషన్, కాగితం, బిల్లు

ప్రభుత్వం మారినంక 2024 మార్చిలో ఈ రెండు ప్లాంట్ల మీద, ఛత్తీస్‌గఢ్ కరెంటు కొనుగోలు మీద జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి కమిషన్ వేసిండ్రు. విచారణ పూర్తికాక ముందే ఆయన ప్రెస్‌మీట్‌లో మాట్లాడిండు. కేసీఆర్ కోర్టుకు పోయిండు. 2024 జూలైలో సుప్రీంకోర్టు ఆయన జాగలో ఇంకొకరిని పెట్టమన్నది. జస్టిస్ మదన్ బి. లోకూర్ వచ్చిండు. నివేదిక ప్రభుత్వానికి అందింది. ప్రభుత్వ రంగ సంస్థకే పనిచ్చినం, అన్ని అనుమతులతోనే చేసినం అన్నది కేసీఆర్ జవాబు.

ఎవరు దోషి అన్నది తేల్చేది నేను కాదు. ఆ పార్టీ మీద ఈ పార్టీ, ఈ పార్టీ మీద ఆ పార్టీ రాళ్లేసుకునే తందుకు నేను గులకరాళ్లు ఏరిస్తలేను. నా బాధ వేరే. ఈ కొట్లాటలో అసలు లెక్క జనం చేతికి రాలే. 2023 డిసెంబర్‌లో అసెంబ్లీలో పెట్టిన శ్వేతపత్రం ప్రకారం కరెంటు సంస్థల అప్పు 81,516 కోట్లు. సర్కారు శాఖలు కట్టాల్సిన బిల్లులే 28,673 కోట్లు. మీరు ఒక్క నెల కట్టకపోతే లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకుతడు. సర్కారు వేల కోట్లు కట్టకపోతే ఎవడు పీకుతడు? ఎవడూ పీకడు. అప్పు మీద అప్పు తెస్తరు. ఆ వడ్డీ మళ్లా మన దగ్గరికే వస్తది. బిల్లులో వస్తది, లేకుంటే సబ్సిడీ పేరు మీద ఖజానాలకెళ్లి పోతది. ఆ పైసలు ఈ బస్తీ బడికి, ఈ బస్తీ దవాఖానకు రావల్సిన పైసలు. యూనివర్సిటీలో ఖాళీగా ఉన్న కుర్చీలు నింపేతందుకు రావల్సిన పైసలు. జీరో బిల్లు చేతికొచ్చినా పెద్దమ్మ లెక్క జీరో కాదు. ఒక జేబు కాకుంటే ఇంకో జేబు.

పెద్దమ్మకు ఇదే నా జవాబు. కరెంటు వస్తనే ఉన్నది. దాని వెనుక అప్పు కూడా వస్తనే ఉన్నది.

మళ్లా అడుగుదాం

కథ ఇక్కడితో ఒడువలే. రామగుండంలో 1971 నుంచి నడిచిన పాత 62.5 మెగావాట్ల యూనిట్ 2024లో మూతబడ్డది. దాని జాగలో 800 మెగావాట్ల కొత్త ప్లాంటు మాట వచ్చింది. ఎన్టీపీసీ రెండో దశ 2,400 మెగావాట్ల ముచ్చట ఉన్నది. అంటే మళ్లా శంకుస్థాపనలు వస్తయి, కొబ్బరికాయలు కొడుతరు, పేపర్లల్ల పెద్దక్షరాలు వస్తయి. ఈసారి మనం ముందే అడగాలె. నాలుగు ప్రశ్నలు చాలు.

ఒకటి, బొగ్గు యాడికెళ్లి, ఎంత దూరం? బాయి కాడ కాకుంటే ఎందుకు కాదు? రెండు, అనుమతి కాగితాలన్నీ వచ్చినంకనే కొబ్బరికాయ కొడుతరా, కొట్టినంక కాగితం ఎతుకుతరా? మూడు, అప్పు ఎవరిస్తున్నరు, వడ్డీ ఎంత, షరతు ఏంది, ఏడాది ఆలస్యమైతే యూనిట్‌కు ఎన్ని పైసలు పెరుగుతది? నాలుగు, భూమిచ్చినోడికి కొలువు ప్లాంటు నడిచిననాడా, భూమి తీసుకున్ననాడా?

ఈ నాలుగింటికి జవాబులు తెలుగులో, ఉర్దూలో రాసి గ్రామ పంచాయతీ గోడ మీద అంటించాలె. కమిషన్ నివేదిక కూడా అట్లనే ఈ బస్తీ పోరడు చదువుకునే భాషలో దొరకాలె. యూనివర్సిటీ తమ్ముళ్లకు ఒక పని చెప్త. మీల ఎకనామిక్స్ చదివెటోళ్లున్నరు, ఇంజనీరింగ్ చదివెటోళ్లున్నరు. కరెంటు నియంత్రణ మండలి ప్రతి ఏడాది చార్జీల మీద బహిరంగ విచారణ పెడుతది. ఆడికి ఎవరైనా పోయి మాట్లాడొచ్చు. పరిశ్రమలోళ్లు వకీళ్లను పెట్టుకొని పోతరు. బస్తీ తరఫున ఎవరు పోతున్నరు? గోడ దూకి బస్తీకి వచ్చినోళ్లం మనం. ఇప్పుడు బస్తీ లెక్క పట్టుకొని ఆ విచారణకు పోదాం.

తెలంగాణ తెచ్చుకున్నది మనల్ని మనం మెచ్చుకునే తందుకు కాదు, మన లెక్క మనం చూసుకునే తందుకు. వలస పాలకులను అడిగిన నోరే మన పాలకులను కూడా అడగాలె. అడగకపోతే ఆనాడు మనం అడిగింది న్యాయం కోసం కాదు, కోపం కోసమే అని చరిత్ర రాస్తది. అట్ల రాయనియ్యొద్దు.



జై తెలంగాణ!